మోకాలు చూసి బండి కొను

బండీ మనిషీ: అనంతపురం సీట్ల మేస్త్రీ జవాబులు

ప్రశ్న: అన్నా, మాది నంద్యాల. మందుల కంపెనీలో రెప్రజెంటేటివ్‌గా చేస్తున్నాను. నా ఎత్తు ఆరడుగుల మూడంగుళాలు, బరువు 88 కిలోలు. ఒకరోజు కర్నూలు, ఒకరోజు ఆళ్ళగడ్డ, మైదుకూరు, మరోరోజు ఆత్మకూరు వైపు పల్లెలు, ఇలా వారమంతా తిరుగుడే. ఇప్పటికి నాన్న వాడిన స్ప్లెండర్ మీద నెట్టుకొస్తున్నా. గంట దాటితే మోకాళ్ళు బిగుసుకుపోతాయి, ముడ్డిపూస మండుతుంది. షోరూములో అబ్బాయి కాళ్ళు ముందుకు చాపుకునే క్రూజర్ బండే పొడుగువాళ్ళకు సరి అంటున్నాడు. స్నేహితులు కేటీఎం డ్యూక్, ఆ స్పోర్ట్స్ రకం బండి తీసుకోమంటున్నారు. ఇంట్లో మైలేజీ చూడమంటున్నారు. టెన్షన్‌గా ఉంది. దాచుకున్నదానికి కొంచెం లోను కలిపి రెండున్నర లక్షల దాకా పెట్టగలను. ఏది కొనమంటారు?
(ఒక పాఠకుడు, నంద్యాల)

జవాబు: తమ్ముడూ, బండి పేర్లు తర్వాత. ముందు నీ ఒళ్ళు కొలుచుకో. ఆరడుగుల మూడంగుళాలు అని రాశావు గానీ, ఆ ఎత్తు కాళ్ళలో ఉందా, నడుం పైన ఉందా అన్నది రాయలేదు. సీట్లు కుట్టేవాడికి కావలసింది ఆ రాయని సంగతే. చెప్పుల్లేకుండా గోడకు ఆనుకొని నిలబడు. తొడల మధ్య ఒక లావుపాటి పుస్తకం పైదాకా జరిపి, దాని పై అంచు దగ్గర గోడ మీద పెన్సిల్‌తో గీత పెట్టించుకో. నేల నుంచి ఆ గీత దాకా నీ కాలి కొలత. మా దుకాణానికి నీ అంతే పొడుగున్నవాళ్ళు ఇద్దరొస్తే, ఒకడి కాలు ఇంకొకడి కంటే నాలుగువేళ్ళు పొడుగుంటుంది. వాళ్ళిద్దరికీ ఒకే బండి కుదరదు. కాళ్ళు పొడుగైతే సీటుకీ ఫుట్‌రెస్టుకీ మధ్య జాగా కావాలి. నడుం పైభాగం పొడుగైతే హ్యాండిల్ ఎత్తుగా, దగ్గరగా ఉండాలి, గాలి సంగతి కూడా చూసుకోవాలి. నీకు మోకాళ్ళు బిగుసుకుంటున్నాయంటే కాళ్ళే పొడుగని నా అనుమానం.

షోరూములో అందరూ చెప్పేది నేల నుంచి సీటు ఎంత ఎత్తు అన్న అంకె. అది పొట్టివాళ్ళకు కావలసిన అంకె. సిగ్నల్ దగ్గర కాలు నేలకు అందుతుందా లేదా అన్నదానికి అది పనికొస్తుంది. నీకు కాలు ఎలాగూ అందుతుంది. గంటల తరబడి నీ పాదం ఉండేది ఫుట్‌రెస్టు మీద, నేల మీద కాదు. అందుకని సీటు మీద నుంచి ఫుట్‌రెస్టు దాకా టేపు పెట్టి కొలువు. ఆ కొలత ఏ కాగితంలోనూ ఉండదు, నువ్వే తీసుకోవాలి.

ఒక ఉదాహరణ చెప్తాను. హీరో ఎక్స్‌పల్స్ 200 4వీ సీటు నేల నుంచి 825 మిల్లీమీటర్లు. అదే బండిలో ప్రో రకం 891. చూడగానే 66 మిల్లీమీటర్లు కాలికి కలిసొచ్చినట్టు అనిపిస్తుంది. కానీ బండి అడుక్కీ నేలకూ మధ్య ఉండే ఖాళీ మామూలు రకంలో 220, ప్రోలో 270. అంటే ఆ 66లో 50 బండి మొత్తం పైకి లేచినందువల్ల వచ్చినవే. సీటుతోపాటు ఫుట్‌రెస్టు కూడా పైకి లేచింది. మోకాలికి మిగిలింది చాలా తక్కువ. అంకెలు చూసి ఎత్తైన బండి కొంటే మోకాలి నొప్పి అలాగే ఉంటుంది, దానికితోడు బండి ఎక్కడం కష్టమవుతుంది.

దుకాణంలో నేను పెట్టుకున్న లెక్క ఇది: రెండు పాదాలూ ఫుట్‌రెస్టు మీద పెట్టి కూర్చున్నప్పుడు మోకాలు తుంటి కంటే పైకి లేవకూడదు. కాలు మడతలో లంబకోణం కంటే ఎక్కువ విప్పారి ఉండాలి. మోకాలు పైకి లేస్తే తొడ సీటు మీద ఆనదు, మనిషి బరువంతా వెనక ముడ్డిపూస దగ్గరికి పోతుంది. నువ్వు రాసిన రెండు నొప్పులూ వేరు వేరు కావు తమ్ముడూ, రెండూ ఇక్కడే పుడుతున్నాయి. స్ప్లెండర్‌ని తప్పు పట్టను. 785 మిల్లీమీటర్ల సీటుతో, 112 కిలోల బరువుతో సగటు మనిషికి ఒదిగేలా చేసిన బండి అది. నీ కాలు అందులో పట్టడం లేదు, అంతే.

ఇక క్రూజర్ మాట. ఆ అబ్బాయి మంచి మనసుతోనే చెప్పి ఉంటాడు, నేను మాత్రం ఒప్పుకోను. మీటియోర్ 350 సీటు 765, అవెంజర్ 737. కాళ్ళు ముందుకు చాపుకోవచ్చు, నిజమే. కానీ పాదాలు ముందుకు పోయాక వాటి మీద బరువు మోపలేవు. గుంత వచ్చినప్పుడు, స్పీడ్ బ్రేకర్ వచ్చినప్పుడు ఫుట్‌రెస్టుల మీద కాస్త లేచి నిలబడడం కుదరదు. ఆ దెబ్బంతా నేరుగా వెన్నుకు తగులుతుంది. నీకేమో ముడ్డిపూసే మండుతోంది. నాలుగు వరుసల రోడ్డు మీద సాఫీగా పోయే మధ్యస్థం ఎత్తువాళ్ళకు అది హాయైన బండే. ఆత్మకూరు పల్లెల్లో తిరిగే నీకు వద్దు.

డ్యూక్ లాంటి బండ్లలో ఇంకో ఇబ్బంది. మలుపులో బండిని బాగా వంచినప్పుడు ఫుట్‌రెస్టు నేలకు గీరుకోకూడదని దాన్ని పైకీ వెనక్కీ జరిపి పెడతారు. ఆ బండి చేసే పనికి అది న్యాయం. నీ మోకాలికి మాత్రం ఇప్పుడున్న మడత కంటే ఎక్కువ మడత పడుతుంది. స్నేహితుడి బండి ఉంటే నంద్యాల నుంచి ఓర్వకల్లు దాకా నువ్వే నడిపి చూడు, నా మాట అక్కర్లేదు.

నీకు సరిపోయేవి దూరప్రయాణాలకని చేసే ఎత్తు బండ్లు, అడ్వెంచర్ అంటారే అవి. కొండలెక్కే సరదా కోసం చెప్పడం లేదు. వాటిలో సీటు ఎత్తు, ఫుట్‌రెస్టు నడుం కిందికే ఉంటుంది, హ్యాండిల్ వెడల్పుగా, ఎత్తుగా ఉంటుంది. వెన్ను నిటారుగా నిలుస్తుంది, గుంత దగ్గర సులువుగా లేచి నిలబడొచ్చు.

హిమాలయన్ 450 ఒళ్ళు నీకు బాగా కుదురుతుంది. సీటును 825 నుంచి 845కు మార్చుకునే వీలు కంపెనీయే ఇచ్చింది. కానీ అది 452 సీసీ. 2025 సెప్టెంబరు 22 నుంచి 350 సీసీ దాకా బండ్లకు జీఎస్టీ 18 శాతం, అది దాటితే 40 శాతం. నీ రెండున్నర లక్షలకు అది రాదు. పైగా 196 కిలోలు. మీ వైపు వాన పడిన నల్లరేగడిలో ఆ బరువు ఒక పక్కకు ఒరిగితే ఒక్కడివే నిలబెట్టడం చాలా కష్టం. లోను పెంచుకొని ఆ బండికి పోవద్దు.

మిగిలినవి రెండు. సుజుకి వీ-స్ట్రామ్ ఎస్ఎక్స్ 250 సీసీ, సీటు 835, బరువు 167 కిలోలు, ట్యూబ్‌లెస్ టైర్లు. ఎక్స్‌పల్స్ 200 4వీ సీటు 825, దానికంటే తేలిక, ధర కూడా తక్కువ. అయితే చువ్వల చక్రాలు, లోపల ట్యూబు. ఈ ట్యూబు సంగతి చిన్నదిగా తీసుకోకు. మన జిల్లాల్లో రోడ్డు పక్కన ఎక్కడ చూసినా సర్కారు తుమ్మ. ఆ ముల్లు ట్యూబ్‌లెస్ టైరులో దిగినా గాలి మెల్లగా పోతుంది, దగ్గర్లోని ఊరు చేరొచ్చు. ట్యూబులో దిగితే బండి అక్కడే ఆగుతుంది. ఆత్మకూరు దాటి నల్లమలలోకి, దోర్నాల వైపు పోయావంటే పంక్చర్ అంగడి కోసం చాలా దూరం తోయాలి. నీ తిరుగుడులో ఎక్కువ భాగం 40వ నంబరు జాతీయ రహదారి మీదే కాబట్టి నా ఓటు వీ-స్ట్రామ్‌కే. పల్లెల పని పెరిగి, తారు లేని దారులే ఎక్కువైతే ఎక్స్‌పల్స్. మైలేజీలో రెండూ స్ప్లెండర్ దరిదాపులకు రావు. ఆ మాట ఇంట్లో ముందే చెప్పు. తర్వాత గొడవ పడడం కంటే అది మేలు. నీ ఊళ్ళో, లేదా కర్నూల్లో ఆ కంపెనీ సర్వీసు ఎలా ఉందో ఆ బండి వాడేవాళ్ళని అడుగు. షోరూమువాళ్ళని కాదు.

నడిపి చూడడానికి ఇచ్చినప్పుడు షోరూము ముందు ఒక చుట్టు తిప్పి దిగిపోకు. రోజూ వేసుకునే బూట్లు, హెల్మెట్ పెట్టుకొని పో. మొదట స్టాండు తీసి, బండి నిలువుగా పెట్టి, పాదాలు ఫుట్‌రెస్టుల మీద పెట్టి కూర్చో. పక్కన స్నేహితుడు పట్టుకుంటాడు. ఇంకొకరిని సరిగ్గా పక్కనుంచి ఫోనులో ఫోటో తీయమను. ఆ ఫోటోలో మోకాలి మడత, వెన్ను వంపు, మోచేయి అన్నీ తెలుస్తాయి. మోచేయి బిర్రబిగిసి తిన్నగా ఉంటే హ్యాండిల్ దూరమైనట్టు. తర్వాత హ్యాండిల్ పూర్తిగా ఎడమకు, పూర్తిగా కుడికి తిప్పు. పొడుగువాళ్ళకు యూ టర్న్‌లో హ్యాండిల్ చివర మోకాలికి తగిలి బండి పడే ప్రమాదం ఉంది. లెగ్‌గార్డు ముంగాలుకు తగులుతుందేమో చూడు. అద్దాల్లో నీ భుజాలే కనిపిస్తుంటే వెనకొచ్చే లారీ కనపడదు, అద్దాల కాడలు పొడుగువి వేయించుకోవాలి.

గేరు రాడ్డు సంగతి చాలామందికి తట్టదు. నీ ఎత్తుకి పాదం పదకొండో పన్నెండో నంబరు ఉంటుంది. బూటుతో అంత పాదం గేరు రాడ్డు కిందికి దూరదు, చీలమండ వంకర పెట్టి గేరు మార్చాలి. సాయంత్రానికి చీలమండ వాస్తుంది, మనమేమో బండి బరువని అనుకుంటాం. రాడ్డు బిగించిన చోట బోల్టు వదులు చేసి, ఒక పన్ను పైకి జరిపి బిగిస్తే చాలు. వెనక బ్రేకు పెడల్ కూడా అలాగే సరిచేయిస్తారు. డెలివరీ రోజే అడుగు, డబ్బేమీ తీసుకోరు.

గాలి. రామగిరి కొండల మీద గాలిమరలు ఊరికే పెట్టలేదు. ఆషాఢంలో పెనుకొండ వైపు 44వ నంబరు రోడ్డు మీద పోయినవాడికి ఆ గాలి తోపు తెలుసు. వేగం 60 నుంచి 90కి పెంచితే గాలి నెట్టే బలం ఒకటిన్నర రెట్లు కాదు, రెండుంబావు రెట్లవుతుంది. పొడుగువాడి ఛాతీ వెడల్పు, ఎత్తు, అంతా ఆ గాలికి ఎదురే. ముందు అద్దం ఉంటే మంచిదే గానీ, పొట్టి అద్దం మీదుగా వచ్చిన గాలి సరిగ్గా నీ గడ్డం దగ్గర హెల్మెట్‌కి తగిలి తల ఊపుతుంది, చెవుల్లో హోరు. దీన్ని పట్టుకోవడానికి ఒక మార్గం ఉంది. ఖాళీ రోడ్డు మీద ఓ మోస్తరు వేగంలో ఫుట్‌రెస్టుల మీద కాస్త లేచి నిలబడు. లేచినప్పుడు హోరు తగ్గితే తప్పు ఆ అద్దానిది. అప్పుడు పొడుగు అద్దం వేయించు, లేదా పూర్తిగా తీసేయి. రెండింటిలో ఏది నీకు సుఖమో నడిపితేనే తెలుస్తుంది.

ఇక నా పని, సీటు. మా నాయన జట్కా బండ్లకు కొబ్బరి పీచుతో మెత్తలు కుట్టేవాడు. మెత్తగా ఉండేది కాదు, కూర్చున్న మనిషిని మోసేది సీటు అని ఆయన దగ్గరే నేర్చుకున్నాను. కొత్త సీటు వేయించుకోవడానికి వచ్చినవాళ్ళలో చాలామంది బొటనవేలితో నొక్కి చూసి మెత్తటి ఫోము అడుగుతారు. మెత్తటి ఫోము అరగంటలో అణిగిపోతుంది, తర్వాత కూర్చునేది అడుగు పలక మీదే. నీ 88 కిలోలకు కింద గట్టి ఫోము, రీబాండ్ అంటారు, దాని మీద పలచగా మెత్తటి పొర ఉండాలి. ముప్ఫై నలభై మిల్లీమీటర్లు ఎత్తు పెంచితే మోకాలికి అదంతా నికరంగా దక్కుతుంది. సీటు పెరిగినా ఫుట్‌రెస్టు ఉన్నచోటే ఉంటుంది కదా. నేల నుంచి ఎత్తు పెరిగినా నీకు ఇబ్బంది లేదు.

ఇంకొకటి అడుగు. ఇప్పటి సీట్లలో నడిపేవాడి వెనక ఒక మెట్టు ఉంటుంది. పొడుగువాడు వెనక్కి జరగబోతే ఆ మెట్టు నడుముకు తగిలి ముందుకు తోస్తుంది. ఆ మెట్టును కోసి రెండంగుళాలు వెనక్కి జరిపితే ఒళ్ళు మొత్తం విప్పుకుంటుంది. పైన రెక్సిన్ నున్నటిది వద్దు, బ్రేకు వేసినప్పుడల్లా ముందుకు జారతావు. ఎండలో నిలబెట్టిన నల్ల రెక్సిన్ మీద కూర్చోవడం ఎట్లుంటుందో నంద్యాలవాడివి, నీకు చెప్పనక్కర్లేదు. బూడిద రంగు గరుకు రకం అడుగు.

కొత్త బండి కొనేముందు ఈ సీటు పని ఇప్పుడున్న స్ప్లెండర్‌కే చేయించి ఒక నెల తిరుగు. నొప్పి సగం తగ్గితే కొత్త బండిని నిదానంగా ఎంచుకోవచ్చు. తగ్గకపోతే నీ కాలికి ఎంత జాగా కావాలో ఆ నెలలో తెలిసిపోతుంది.

ఒళ్ళు బరువైనవాళ్ళు వెనక షాకప్‌ల దగ్గర మెట్లు మెట్లుగా ఉండే రింగును ఒకటి రెండు మెట్లు బిగించుకోవాలి. లేకపోతే బండి వెనక కూరుకుపోయి, హెడ్‌లైటు వెలుగు ఎదుటివాళ్ళ కళ్ళలో పడుతుంది. హ్యాండిల్ ఎత్తు పెంచే ముక్కలు దొరుకుతాయి. వేయిస్తే మాత్రం పూర్తిగా రెండు వైపులా తిప్పి, బ్రేకు పైపు, క్లచ్ వైరు బిగుసుకోవడం లేదని కళ్ళతో చూసుకో. ఫుట్‌రెస్టును కిందికి దించడానికి ఫ్రేము కోసి వెల్డింగ్ పెట్టేవాళ్ళు ఉన్నారు. వాళ్ళ దగ్గరికి పోవద్దు. ఆర్సీలో ఉన్న వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చడం మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కింద కుదరదు. చట్టం సంగతి అటుంచినా, వెల్డింగ్ విరిగితే పడేది నువ్వు.

ప్రశ్న: అన్నగారూ, మా పాప ఎత్తు ఐదడుగుల పదంగుళాలు. కాలేజీ వాలీబాల్ జట్టులో ఆడుతుంది. కడప టౌన్ నుంచి రోజూ యోగి వేమన యూనివర్సిటీకి పోవాలి. నా స్కూటర్ నడిపితే మోకాళ్ళు ముందు డూముకు తగులుతున్నాయి, మలుపులో హ్యాండిల్ తిరగడం లేదని అంటోంది. పాపకు ఏ స్కూటర్ బాగుంటుంది?
(ఒక తల్లి, కడప)

జవాబు: అమ్మా, హ్యాండిల్ తిరగడం లేదన్న మాట తేలిగ్గా తీసుకోకండి. ఈ వారం నుంచే ఆ స్కూటర్ ఆమెకు ఇవ్వొద్దు. ఆటోలోనో బస్సులోనో పంపండి.

స్కూటర్లలో సుజుకి బర్గ్‌మన్ చూడండి. సీటు 780 మిల్లీమీటర్లు, పాదాలు కాస్త ముందుకు చాపి పెట్టుకునే వీలుంటుంది. మామూలు బర్గ్‌మన్ వెనక చక్రం పది అంగుళాలు, ఈఎక్స్ రకంలో పన్నెండు. గుంతల్లో ఈఎక్సే నయం. యాక్సెస్ 773, ఎన్‌టార్క్ 770. వాటి మీద కూడా కూర్చోబెట్టి, మోకాళ్ళు దగ్గరగా పెట్టించి, హ్యాండిల్ రెండు వైపులా పూర్తిగా తిప్పించండి. ఎక్కడా తగలకపోతేనే కొనండి. రంగు సంగతి ఆ తర్వాత.

ఇంకో మాట కూడా అడగండి, పాపకు గేర్ల బండి నడపాలని ఉందేమో. ఆ ఎత్తుకి, ఆటగత్తె కాళ్ళ బలానికి, మోటార్‌సైకిల్ స్కూటర్ కంటే చక్కగా కుదురుతుంది. పెద్ద చక్రాలు కాబట్టి గుంతల్లో నిలకడ కూడా ఎక్కువ. 125 సీసీ దాటిన బండ్లకు 2019 ఏప్రిల్ నుంచి ఏబీఎస్ తప్పనిసరి. వాన రోడ్డు మీద బ్రేకు గట్టిగా పట్టినా చక్రం బిగుసుకోకుండా అది కాపాడుతుంది. ఆడపిల్ల కదా అని స్కూటర్లకే చూపు పరిమితం చేయకండి.

ప్రశ్న: మావారిది ఆరడుగుల పైన ఎత్తు, నాది ఐదడుగులు. నడుం నొప్పి అని ఆయన బండి సీటు ఎత్తు పెంచించారు. ఇప్పుడు చీర కట్టుకొని వెనక ఎక్కడం నా వల్ల కావడం లేదు. ఎక్కబోతే బండి నా వైపు ఒరుగుతుంది. ఏమన్నా ఉపాయం ఉందా?
(ఒక గృహిణి, గుంతకల్లు)

జవాబు: ఉందమ్మా. ఆ మేస్త్రీ సీటు మొత్తం ఒకే ఎత్తున పెంచినట్టున్నాడు. ముందు భాగం అలాగే ఉంచి, వెనక మీరు కూర్చునే భాగంలో ఫోము తగ్గించి, పాత ఎత్తుకి తెమ్మనండి. అడుగు పలక మార్చనక్కర్లేదు, ఒక్క పూట పని. ఆయన నడుముకు ఏ తేడా రాదు.

ఎడమ పక్కన చీరకు అడ్డంగా ఉండే గార్డు, కాలు పెట్టుకునే ఫుట్‌రెస్టు, చేత్తో పట్టుకునే పిడి ఉన్నాయా చూడండి. వెనక కూర్చునేవాళ్ళ కోసం ఇవి ఉండాలని కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 123వ నిబంధన చెప్తుంది. అందం కోసమని గార్డు తీసేయించి ఉంటే, మళ్ళీ పెట్టించే దాకా ఆ బండి ఎక్కనని ఖచ్చితంగా చెప్పండి. కొంగు చక్రంలో పడితే ప్రాణం మీదికి వస్తుంది.

ఎక్కేటప్పుడు ఆయన ముందుగా కూర్చొని, సైడు స్టాండు తీసి, రెండు కాళ్ళూ నేల మీద ఎడంగా పెట్టి, ముందు బ్రేకు గట్టిగా పట్టుకోవాలి. అంత పొడుగు మనిషి రెండు కాళ్ళు మోపితే బండి ఒరగదు. మీరు కొంగు దోపుకొని, ఎడమ చెయ్యి ఆయన భుజం మీద వేసి, ఫుట్‌రెస్టు మీద కాలు పెట్టి లేచి, అప్పుడు తిరిగి కూర్చోండి. కూర్చున్నాక మీరు చెప్తేనే ఆయన గేరు వేయాలి. హెల్మెట్ మీరూ పెట్టుకోండి.